సరుకు ముందు, పేరు తర్వాత

ఒరే అబ్బాయిలూ, మా మనవడు ఫోన్ చేతిలో పట్టుకుని వచ్చి, “తాతా, నేనిప్పుడు ఆంత్రప్రెన్యూర్‌ని” అన్నాడు. ఏం అమ్ముతావురా అంటే, చింతపండట. ఇంకా పండు ఇల్లు చేరలేదు గానీ పేరు పెట్టాడు, బొమ్మ గీయించాడు, లోనుకి కాగితాలూ పెట్టాడు. మా రోజుల్లో సరుకు ముందు, పేరు తర్వాత. సరుకు బాగుంటే ఆ పేరేదో గుమ్మలక్ష్మీపురం సంతలో జనమే పెట్టేవారు.

మా అమ్మని అలాంటి ఏ పేరుతోనూ ఎవరూ పిలవలేదు. తెల్లారకముందే కొండెక్కి అడ్డాకు కోసుకొచ్చేది. చీపురుపుల్ల గుచ్చడం, విరవడం, మళ్ళీ గుచ్చడం. విస్తరి పూర్తయ్యాక దీపం ముందు ఎత్తి చూసేది. ఎక్కడైనా సూదిమొనంత వెలుగు కనబడిందా, ఆ ఆకు ఊడదీసి మళ్ళీ కుట్టేది. “పెళ్ళి పంక్తిలో పులుసు కారితే తిట్లు మనకేరా” అనేది. వ్యాపారమంటే అదీ.

నాన్నదీ అదే తీరు. ఓసారి కావిడితో దిగుతుంటే దారిలో వాన పట్టుకుంది, చింతపండు చెమ్మగిల్లింది. తడిస్తే తూకం పెరుగుతుంది, అమ్మేద్దామన్నాను నేను. ఆయన మాట్లాడకుండా కావిడి వెనక్కి తిప్పాడు. మళ్ళీ ఎండబెట్టేదాకా ఆ వారమంతా ఇంట్లో చోడంబలే. నష్టం వస్తే నాన్నదే, మాట పోతే నాన్నదే. ఇప్పుడు మీకు నష్టానికి ఒకడు, మాటకి ఇంకొకడు!

అలాగని అన్నీ బాగున్నాయని అబద్ధం చెప్పను. నాన్న తడి పండు అమ్మలేదు గానీ, షావుకారు మా పండు తూచే రాయి వేరు, మాకు ఉప్పు కొలిచే కుంచం వేరు. 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది, 1960లో ఏజెన్సీ వడ్డీలకు పగ్గం వేస్తూ రెగ్యులేషన్ వచ్చింది. అయినా అప్పు తీరలేదు, అప్పు కింద పోయిన భూమి తిరిగి రాలేదు. ఆ మంటే పెరిగి పెరిగి 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర బద్దలైంది. మొండెంఖల్లు సభకు నడిచి వెళ్తున్న గిరిజనుల మీద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే ఇద్దరు పోయారు. అప్పటికి మాది శ్రీకాకుళం జిల్లా. తర్వాత విజయనగరం అన్నారు, 2022 నుంచి పార్వతీపురం మన్యం అంటున్నారు. బోర్డులు మార్చడంలో మాత్రం ఎవరూ ఆలస్యం చెయ్యరు.

మనవడిది ప్రభుత్వం వాళ్ళ వన్‌ధన్ పద్ధతట. ఇరవై మంది చొప్పున పదిహేను సంఘాలు, మొత్తం మూడొందల మంది ఒక కేంద్రం. మొన్న మా అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు కూర్చుని, నమూనాకని తెచ్చిన పండు పిక్క తీసి పొట్లాలు కట్టారు. ఒక సవర పిల్ల కాటా మీద అంకె తనే చదివి, తనే పుస్తకంలో రాసుకుంది. మా నాన్న బతికినన్నాళ్ళూ షావుకారు కాటా ముఖం ఆయన వైపు తిరగలేదు.

పొట్లం ఒకటి తీసి చేత్తో నొక్కి చూశాను. రెండు పిక్కలు తగిలాయి.

“విప్పు” అన్నాను.

“అంటించేశాం తాతా, రెండే కదా.”

“విప్పరా!”

విప్పాడు.