ఈకకు టీక

మెదక్ సీమలోని కొలిచెలమ, అంటే ఇప్పటి కొల్చారం, మల్లినాథ సూరి ఊరు. కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాస్తూ ఆయన మొదట్లోనే ఒట్టేసుకున్నాడు: మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని. తర్వాతి వ్యాఖ్యాతలు ఆ ఒట్టుకు భక్తిగా దండం పెట్టి, తీసి గట్టున పెట్టారు. ఈ టీకాకారుడిదీ అదే సంప్రదాయం. పైగా ఆయనకు దొరికింది కావ్యం కాదు, ఒక్క వాక్యం.

మూలం: వసంతంలో ఒకాయన బీవర్‌కిల్ నదిలో నడుంలోతున నిలబడి, ఈకలు చుట్టిన కొక్కెం విసిరి, ట్రౌట్‌ను పట్టి, వదిలేశాడు.

ఇందులో విప్పి చెప్పాల్సినంత గూఢం ఏముందని అడగొచ్చు. చివరి మాట దాకా నిజంగానే ఏమీ లేదు. చివరి మాట దగ్గర మాత్రం తెలుగువాడికి అన్వయం కుదరదు. టీకకు పూర్వపక్షి ఒకడు ఉండాలి గనక, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో కొడుకింటికి ఆరు నెలలకని వచ్చిన గోదావరి జిల్లా పెద్దాయన్ని ఒకర్ని ఊహించుకుందాం. పుస్తెలమ్మైనా పులస తినాలనే సీమ ఆయనది. కారు ఆపించి, వంతెన మీంచి ఈ తతంగమంతా చూసి, "వదిలెయ్యడానికి పట్టడం దేనికిరా?" అన్నాడు. ఈ టీకంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. అయినా శాస్త్రం ప్రకారం మొదటి మాట నుంచే మొదలెట్టాలి.

వసంతంలో, అనగా వసంత ఋతువునందు. కోకిలలు, మామిడి చిగుళ్ళు, మల్లెలు ఇక్కడ అన్వయించవు. న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ కొండల్లో ఏప్రిల్ అంటే మంచు కరిగి ఏళ్ళు పొంగే కాలం. చెట్లింకా మోడుల్లాగే ఉంటాయి. వసంతం వచ్చిందో లేదో అక్కడ పంచాంగం చెప్పదు, నీళ్ళలో ముంచిన థర్మామీటరు చెబుతుంది. నీటి వేడి 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే 10 సెల్సియస్‌కు, అటూ ఇటూగా చేరితే ఏటి అడుగున రాళ్ళ సందుల్లో ఏడాదిగా పెరుగుతున్న మేఫ్లై పిల్లపురుగులు పైకి లేస్తాయి. తొలకరి పడ్డ సాయంత్రం పుట్టల్లోంచి ఉసిళ్ళు లేచినట్టే. ఉసిళ్ళు లేచిన పూట కోళ్ళకూ కప్పలకూ ఎంత పండగో, ఇవి లేచిన పూట ట్రౌట్‌కు అంత పండగ.

ఈ పురుగుకు శ్లేష ఒకటి పుట్టుకతోనే ఉంది. సంస్కృతంలో పక్షినీ ద్విజమే అంటారు, గుడ్డుగా ఒకసారి, పిల్లగా ఒకసారి పుడుతుంది కాబట్టి. మేఫ్లై అంతకన్నా ఘనమైనది. నీళ్ళమీద తేలి రెక్కలు తెచ్చుకుంటుంది, అవి మసక రెక్కలు. ఒడ్డు చెట్టెక్కి మళ్ళీ కుబుసం విడిచి, అద్దంలాంటి రెక్కలతో బయటపడుతుంది. రెక్కలొచ్చాక కూడా ఇలా కుబుసం విడిచేవి కీటకాల్లో ఈ ఒక్క గణమే. రెక్కలొచ్చిన దశలో దానికి పనిచేసే నోరుండదు. తిండి లేదు. జతకూడి, గుడ్లు పెట్టి, ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది.

బీవర్‌కిల్ నదిలో: ఇంగ్లీషు వచ్చినవాళ్ళకే ఇక్కడ ప్రమాదం ఎక్కువ. 'కిల్' అనగానే చంపడం అనుకుంటారు. అది డచ్చివాళ్ళ మాట, దానికి అర్థం ఏరు. ఆ ప్రాంతానికి మొదట వలస వచ్చిన డచ్చివాళ్ళు వదిలిపోయిన మాట. కాబట్టి 'బీవర్‌కిల్ నది' అన్నది 'గేటు తలుపు' లాంటి పునరుక్తి, కానీ అక్కడివాళ్ళకే పట్టనప్పుడు టీకాకారుడికి ఎందుకు? ఈ ఏట్లో 'నో కిల్' అని బోర్డు పెట్టిన భాగాలు ఉన్నాయి. ఆ కిల్ మాత్రం ఇంగ్లీషు కిల్లే. రాస్కో అనే ఊరి దగ్గర ఇందులో విల్లోవిమాక్ అనే ఇంకో ఏరు కలుస్తుంది. ఆ సంగమంలోని మడుగులో రెండు తలల ట్రౌట్ ఉందనీ, ఏ ఏట్లోకి ఎదురెక్కాలో తేల్చుకోలేక అక్కడే ఉండిపోయిందనీ స్థానికుల కథ. దాని పేరు బీమాక్, రెండు ఏళ్ళ పేర్లూ అతికించి పెట్టింది. గండభేరుండాన్ని నమ్మినవాళ్ళం మనకు నవ్వే హక్కు లేదు.

ఒకాయన: 'ఒకావిడ' అని పాఠాంతరం. దాన్ని తోసిపుచ్చడానికి వీల్లేదు. ఇంగ్లీషులో గాలం మీద 1496లో అచ్చయిన తొలి గ్రంథానికి కర్తగా పేరు పడింది జూలియానా బెర్నర్స్ అనే ఆవిడే, నిజంగా ఆవిడే రాసిందా అన్నది వేరే తగాదా. 1960లో జోన్ వుల్ఫ్ పోటీలో 161 అడుగుల దూరం గాలం విసిరింది. తర్వాత బీవర్‌కిల్ ఒడ్డునే బడి పెట్టి ఆ విద్య నేర్పింది.

నడుంలోతున నిలబడి: చంకల దాకా వచ్చే రబ్బరు పంట్లాం తొడుక్కుని అని అర్థం. లేకపోతే ఆ చన్నీళ్ళలో అయిదు నిమిషాలు నిలబడటం తపస్సే. నిలబడేది చేపకు వెనకవైపు. ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి, తిండి దానంతటదే కొట్టుకొస్తుంటే కదలకుండా తింటుంది. నీళ్ళలోంచి దానికి పై లోకం మొత్తం 97 డిగ్రీల గుండ్రటి కిటికీలోంచే కనిపిస్తుంది. ఆ కిటికీ అవతల అంతా నీటి అద్దమే. గట్టుమీద ఎత్తుగా నిలబడ్డవాడు ఆ కిటికీ అంచున ప్రత్యక్షమవుతాడు, వంగి దిగువనుంచి వచ్చినవాడు తప్పించుకుంటాడు. వినయం అంటే ఇక్కడ భౌతికశాస్త్రమే.

ఈకలు చుట్టిన కొక్కెం: మూలానికి ఇదే గుండెకాయ. మన గాలానికి ఎర ఉంటుంది, వానపామో పిండిముద్దో. ఇక్కడ ఎర లేదు. ఎర ఉన్నట్టు భ్రాంతి ఉంది. రజ్జుసర్ప న్యాయాన్ని తిరగేస్తే ఇదే: తాడును చూసి పామనుకోవడం మనిషి తప్పు, ఈకను చూసి పురుగనుకోవడం చేప తప్పు.

ఈ మోసం పాతది. సుమారు 1800 ఏళ్ళ కిందట రోమన్ రచయిత ఇలియన్ మాసిడోనియాలో ఒక ఏటి గురించి రాశాడు. అక్కడివాళ్ళు కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, దానికి రెండు కోడి ఈకలు కట్టి చేపల్ని పట్టేవారట. 1496 నాటి ఇంగ్లీషు గ్రంథంలో ఏ నెలలో ఏ ఈగ, అంటే ఏ ఈకల కొక్కెం, కట్టాలో 12 రకాల జాబితా ఉంది. తర్వాత వచ్చిన ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ ఈ శాస్త్రానికి మల్లినాథుడు. ఇంగ్లండులోని టెస్ట్ నది ఒడ్డున కూర్చుని, పురుగును పట్టుకుని, రెక్కల రంగు, తోక వెంట్రుకల లెక్క అన్నీ చూసి, తేలే ఈగల మీద 1886లో పుస్తకం వేశాడు. పురుగులో లేనిది ఈగలో ఉండకూడదని ఆయన పట్టుదల. ఆలోచిస్తే ఈకలతో కట్టిన ప్రతి ఈగా అసలు పురుగుకు రాసిన టీకే. బాగుందా లేదా అని తేల్చే పాఠకుడు నీటికింద ఉంటాడు, వాడికి మొహమాటం ఉండదు.

హాల్‌ఫర్డ్ మతానికి ఖండన రాసినవాడు స్క్యూస్. నీటిపైన తేలే ఈగే విసరాలనడం చాదస్తం, చేప ఎక్కువగా తినేది ఇంకా పైకి రాని పిల్లపురుగుల్నే కదా అని 1910లో పుస్తకం రాశాడు. పైమతం, లోమతం అని శిష్యులు రెండుగా చీలారు. 1938లో లండన్‌లోని ఫ్లైఫిషర్స్ క్లబ్బులో సభ పెట్టి మరీ వాదించుకున్నారు. తిరునామం U ఆకారంలో పెట్టాలా Y ఆకారంలో పెట్టాలా అని కోర్టుకెక్కినవాళ్ళున్న దేశంలో ఇదేం వింత కాదు.

క్యాట్‌స్కిల్ శాఖకు మూలపురుషుడు థియోడర్ గోర్డన్. క్షయతో బాధపడుతూ నెవర్‌సింక్ ఏటి ఒడ్డున ఒంటరిగా బతికాడు. ఆయన ఉత్తరం రాస్తే 1890లో హాల్‌ఫర్డ్ కొన్ని ఈగలు కట్టి పంపాడు. చూస్తే అవి ఇంగ్లండు పురుగులకు నకళ్ళు, అమెరికా పురుగులు వేరు. మూలం మారితే టీక మారాలి కదా అని గోర్డన్ తన ఏటి పురుగుల్ని చూసి కొత్తగా కట్టాడు. ఏప్రిల్ నడిమి రోజుల్లో లేచే పురుగుకు ఆయన కట్టిన క్విల్ గోర్డన్ ఇప్పటికీ ఆ పేరుతోనే వాడుకలో ఉంది. ఆయన 1915లో పోయాడు. ఆయన చేపలు పట్టిన చోటు తర్వాత న్యూయార్క్ నగరానికి నీళ్ళిచ్చే రిజర్వాయరు కింద మునిగిపోయింది. ముంపు గ్రామాల కథ తెలిసినవాళ్ళకు వివరించక్కర్లేదు.

గోర్డన్ దగ్గర ఈ విద్య నేర్చుకున్నవాడు రాయ్ స్టీన్‌రాడ్, పోస్టాఫీసు ఉద్యోగి. 1916లో బీవర్‌కిల్ దగ్గర ఒక మధ్యాహ్నం పురుగులు విపరీతంగా లేచాయి. ఆయన వాటికి సరిపోయే ఈగ కట్టి, మిత్రుడి పేరు మీద హెండ్రిక్‌సన్ అని పిలిచాడు. ఆ కట్టు దగ్గరగా చూడాలి. వేలిగోరంత కొక్కెం, బిగింపు పరికరంలో పట్టించి ఉంటుంది. ముందు దారం చుట్లు. తోకకు బూడిదరంగు కోడి ఈక పోగులు నాలుగైదు. ఎర్రనక్క పొట్టకింది లేతరంగు బొచ్చును మైనం పూసిన దారానికి పులిమి చుడితే ఒళ్ళు. రెక్కలకు అడవిబాతు పక్క ఈక, చారలున్నది. చివర కోడి మెడ ఈక నిలువుగా నాలుగు చుట్లు చుడితే, పోగులు పుల్లల్లా విచ్చుకుని నీళ్ళమీద కాళ్ళలా నిలబడతాయి. తల దగ్గర ముడి, కత్తిరింపు. బరువు లేదు, ఊదితే పోతుంది. ఇంగ్లండులో దీనికి దాయాది ఒకటుంది, టప్స్ ఇండిస్పెన్సబుల్. దాని ఒంటికి వాడే ఉన్ని పొట్టేలు శరీరంలో ఏ భాగానిదో కట్టినవాడు చాలాకాలం రహస్యంగా ఉంచాడు. ఈ టీక పిల్లలు కూడా చదవొచ్చు గనక ఆ భాగం పేరు ఇక్కడా చెప్పడం లేదు.

విసిరి: ఈ క్రియ దగ్గర పూర్వపక్షికి మొదటి అభ్యంతరం. వల విసురుతారు, గాలం వేస్తారు; గాలం విసరడం అపప్రయోగం అన్నాడు. సమాధానం: మన గాలంలో కొసన ఉన్న బరువు ముందు పోతుంది, దారం దాని వెనక పోతుంది. ఇక్కడ కొసన ఉన్నదానికి బరువే లేదు. బరువంతా దారానిదే. మామూలుగా వాడే అయిదో నంబరు దారం మొదటి 30 అడుగులు కలిపి తొమ్మిది గ్రాముల బరువు. దాన్ని వెనక్కి ఊపి, గాలిలో సాగేదాకా ఆగి, ముందుకు కొడితే చుట్ట విప్పుకుంటూ పోతుంది. ఈగ ఊరికే దాని వెంట వెళ్తుంది. కాబట్టి ఇది విసురువలకే దగ్గర, క్రియ సాధువే. కర్ర పొడవు తొమ్మిది అడుగులు, అంటే సరిగ్గా 108 అంగుళాలు. అష్టోత్తరమని మురిసిపోకండి, వెనక చెట్టుకొమ్మ ఉంటే 108 సార్లూ అందులోనే చిక్కుకుంటుంది.

విసిరాక అసలు పరీక్ష. ఏట్లో నడిమి నీళ్ళు వేగం, అంచు నీళ్ళు నెమ్మది. దారం వేగం నీళ్ళమీద, ఈగ నెమ్మది నీళ్ళమీద పడితే దారం ఈగను లాగుతుంది. ఈగ వెనక సన్నటి గీత పడుతుంది. నిజం పురుగు ప్రవాహంతో పాటు ఊరికే కొట్టుకుపోతుంది, ఇది ఎక్కడికో పనుండి పోతున్నట్టు కనిపిస్తుంది. దీన్ని అక్కడివాళ్ళు డ్రాగ్ అంటారు. ట్రౌట్ చూస్తుంది, దగ్గరికొస్తుంది, వెనక్కి తిరుగుతుంది. సొంత సిద్ధాంతం కోసం శ్లోకాన్ని పక్కకు లాగిన వ్యాఖ్యానాన్ని రసజ్ఞుడు మూసి పక్కన పెట్టడం కూడా ఇలాగే ఉంటుంది. మందు ఒకటే: దారాన్ని ఎత్తి ఎగువకు వంపు తిప్పి వేస్తే, ఈగకు కాసేపు స్వేచ్ఛ దొరుకుతుంది.

ట్రౌట్‌ను: ద్వితీయా విభక్తి స్పష్టమే గాని, ఏ ట్రౌట్ అన్నది స్పష్టం కాదు. అక్కడ ఆదినుంచీ ఉన్న బ్రూక్ ట్రౌట్ ట్రౌటే కాదు, చార్ అనే దాని జ్ఞాతి. బ్రౌన్ ట్రౌట్ 1883లో జర్మనీనుంచి గుడ్లుగా వచ్చిన వలసదారు. అమెరికా పడమటి తీరం నుంచి వచ్చిన రెయిన్‌బో ట్రౌట్‌కు 1989లో శాస్త్రవేత్తలు ప్రజాతి మార్చి పసిఫిక్ సాల్మన్‌లలో కలిపారు, అంటే దత్తత పోయి గోత్రం మారింది. మన కశ్మీరులోనూ నీలగిరుల్లోనూ ఉన్న ట్రౌట్ కూడా తెల్లదొరలు తమ సరదాకోసం తెప్పించి వదిలినదే.

పట్టి, వదిలేశాడు: క్త్వార్థకం వెంటనే దానికి సరిగ్గా వ్యతిరేకమైన సమాపక క్రియ. ఆలంకారికులు దీన్ని విరోధాభాసం అంటారు. పూర్వపక్షి గారు వేరేమాట అన్నారు, అది రాయడం లేదు.

సిద్ధాంతం ఇది. ఏట్లో ట్రౌట్‌కు లెక్కుంది, దాన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకు లెక్క లేదు. జోన్ భర్త లీ వుల్ఫ్ 1939లోనే రాశాడు, మంచి చేప ఒక్కసారి మాత్రమే పట్టడానికి మరీ విలువైనదని. 1960లలో ఈ ఏర్ల మీద నో కిల్ భాగాలు పెట్టారు. పట్టినదాన్ని వదిలే పద్ధతికీ శాస్త్రం ఉంది: కొక్కేనికి ముల్లు ఉండకూడదు, చెయ్యి తడిపాకే చేపను ముట్టుకోవాలి, లేకపోతే దాని ఒంటి జిగురు ఊడి రోగం పడుతుంది. తల ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని, అది తోకాడించి తనంతట తాను వెళ్ళేదాకా చెయ్యి తియ్యకూడదు. నీరు 70 ఫారెన్‌హీట్ దాటిన రోజున అసలు పట్టకపోవడమే మర్యాద, వెచ్చటి నీళ్ళలో అలిసిన చేప కోలుకోదు.

పూర్వపక్షి గారు ఇదంతా విని, "అయితే వీడు చేపను పట్టలేదు, చేప చేత ఔననిపించుకున్నాడంతే" అన్నారు. ఈ వాక్యానికి ఇంతకన్నా మంచి తాత్పర్యం టీకాకారుడికి తోచలేదు.

చదివి వెళ్ళాలనిపించినవాళ్ళకు: ఎడిసన్‌నుంచి రాస్కోకు కారులో రెండు గంటల పైచిలుకు. పదహారేళ్ళు నిండినవాళ్ళకు న్యూయార్క్ రాష్ట్రం లైసెన్సు తప్పనిసరి. హెండ్రిక్‌సన్ పురుగులు ఏప్రిల్ చివర, మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో లేస్తాయి. నో కిల్ బోర్డున్న చోటికి మాత్రం కారప్పొడి, చింతపండు తీసుకెళ్ళకండి.