గోడ మీది క్యాలెండర్, నేల కింది పెట్రోలు

నేలలోకి కారిన పెట్రోలును శుభ్రం చేయడానికి చాలా యంత్రాలున్నాయి. అన్నిట్లోకీ చవకైనది గోడకు వేలాడే క్యాలెండర్. దానికి కరెంటు అక్కర్లేదు, ఫిల్టరు మార్చే పని లేదు, ఏటా సంక్రాంతి లోపు కిరాణా కొట్టువాడే కొత్తది ఉచితంగా ఇస్తాడు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1999లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, రోజులు లెక్కపెడుతూ ఎదురుచూసే ఈ పద్ధతికి ఉన్న పేరు వింటే మాత్రం లేచి నిలబడి నమస్కారం పెట్టాలనిపిస్తుంది: ‘పర్యవేక్షణతో కూడిన సహజ క్షీణత’. మనింట్లో పిల్లవాడు పుస్తకం ముట్టకుండా పరీక్షకు వెళ్తే దానికింత గౌరవమైన పేరు పెట్టాలని మనకెప్పుడూ తోచలేదు.

అయితే ఈ నిరీక్షణలో అసలు పని చేసే సూక్ష్మజీవులకు అన్యాయం చేయకూడదు. మట్టిలోని ఆ బుల్లి ప్రాణులు పెట్రోల్లో ఉండే బెంజీన్ అనే విషాన్ని నిజంగానే తింటాయి. ఆక్సిజన్ ఉన్నంతసేపు చకచకా లాగిస్తాయి. అది అయిపోతే నైట్రేటుతోనో, ఇనుముతోనో, సల్ఫేటుతోనో సర్దుకుని నింపాదిగా నములుతాయి. 1995 అక్టోబరులో లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల వాళ్లు కాలిఫోర్నియాలో లీకైన ట్యాంకుల పాత ఫైళ్లు తిరగేసి, చాలాచోట్ల బెంజీన్ మరక 250 అడుగులు దాటకుండానే ఆగిపోతోందని చెప్పారు. మంచి పరిశోధనే. దాన్ని చదివినవాళ్లకే తొందరెక్కువైంది. డిసెంబరు రాకముందు తవ్వకాలు, డిసెంబరు వచ్చాక నిరీక్షణ: ప్రమాదం తక్కువున్న చోట్ల పని ఆపి, గమనిస్తూ ఉండమని రాష్ట్ర నీటి బోర్డు నుంచి లేఖ వెళ్లిపోయింది.

గమనించడం కూడా ఒక కళే. మొదట మూడు నెలలకోసారి బావిలో నీళ్లు తోడి పరీక్షకు పంపుతారు. తర్వాత ఆరు నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. చివరికి బావి మూతకు పట్టిన తుప్పే గమనించే బాధ్యత తీసుకుంటుంది.

ఇంతకీ గమనించాల్సింది ఎంత? లీటరు పెట్రోల్లో ఒక శాతం బెంజీన్ ఉందనుకోండి, మన దేశంలో అనుమతించిన గరిష్ఠం అదే. అంటే సుమారు 8.8 గ్రాములు. తాగే నీటిలో అమెరికా ఒప్పుకునేది లీటరుకు 5 మైక్రోగ్రాములు. భాగించి చూడండి. ఒక్క లీటరు పెట్రోలు 17 లక్షల లీటర్ల నీటిని ఆ గీత దాటించగలదు. వేసవిలో మన వీధిలోకి వచ్చే పదివేల లీటర్ల ట్యాంకర్లయితే 170. బంకులో పైపు తీస్తూ నాలుగు చుక్కలు రాల్చినందుకు గొడవపడేవాళ్లం మనం. ఇది ఆ నాలుగు చుక్కల గొడవ కాదు.

క్యాలెండర్ మతానికి అసలు పరీక్ష అదే 1995లో ఎదురైంది. దాని పేరు మిథైల్ టెర్షియరీ బ్యూటైల్ ఈథర్, ముద్దుగా ఎంటీబీఈ. సీసం తీసేస్తున్నారు గనక ఆక్టేన్ కోసం 1979లో పెట్రోల్లోకి వచ్చింది. 1990 నాటి అమెరికా చట్టం, గాలి బాగా పాడైన నగరాల్లో అమ్మే పెట్రోల్లో బరువులో రెండు శాతం ఆక్సిజన్ ఉండాలనేసరికి, దీనికి దశ తిరిగింది. కారు పొగ శుభ్రం, ఊరి గాలి శుభ్రం, అందరూ శుభ్రం. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ మందు ఇదే. ఎంటీబీఈ నీటిలో బెంజీన్ కంటే ఇరవై రెట్లకు పైగా కరుగుతుంది. మట్టిని పట్టుకుని ఉండదు. నీళ్లెటు పోతే అటు, పిలవని పెళ్లికి పోయే చుట్టంలా ముందే చేరుతుంది. అంతవరకూ బెంజీన్‌ను ఆదరించిన సూక్ష్మజీవులు దీన్ని చూసి చాలాచోట్ల ముఖం తిప్పుకున్నాయి. వంటవాణ్ణి అడక్కుండా కూరగాయలు తెచ్చిన పాపం ఊరికే పోతుందా?

కాలిఫోర్నియాలోని సాంటా మోనికాలో ఆ కూర వడ్డించారు. 1995లో ఊరికి నీళ్లిచ్చే చార్నాక్ బావుల్లో ఎంటీబీఈ కనబడింది. 1996లో బావులు మూశారు. తాగే నీళ్లలో దాదాపు సగం పోగొట్టుకుని, సముద్రం ఒడ్డునున్న ఊరు దూరం నుంచి కొన్న నీళ్లతో బతికింది. చుట్టుపక్కల పెట్రోలు బంకులూ పైపులైన్లూ ఎవరివని తేల్చడానికి ఏళ్లు, డబ్బెవరు కట్టాలో తేల్చడానికి ఇంకొన్ని ఏళ్లు. బావుల నీళ్లు శుద్ధి అయి మళ్లీ కుళాయికి చేరేసరికి దాదాపు పదిహేనేళ్లు పట్టింది. బావులు మూసిన ఏడు పుట్టిన పిల్లవాడు హైస్కూల్లో చేరిపోయి ఉంటాడు.

నాకు మాత్రం ఈ కథలో అందరికంటే నచ్చిన పాత్ర కెనడాలోని మెథనెక్స్ కంపెనీ. ఎంటీబీఈకి ముడిసరుకైన మెథనాల్ తయారుచేసేది. 1999 మార్చిలో కాలిఫోర్నియా గవర్నర్ గ్రే డేవిస్ ఎంటీబీఈని నిషేధిస్తామనగానే, మా వ్యాపారం చెడగొట్టారు, 97 కోట్ల డాలర్లు ఇవ్వండని వాణిజ్య ఒప్పందం కింద అమెరికా ప్రభుత్వం మీద కేసు వేసింది. తప్పు ట్యాంకులదట, అందులో పోసిన సరుకుది కాదట. కుండకు చిల్లి పడితే కుమ్మరిని అడగాలి గానీ, అందులోని కల్లునేమనకూడదన్న ధర్మసూక్ష్మం. 2005లో మధ్యవర్తులు కేసు కొట్టేసి ఎదురు ఖర్చులు కూడా కట్టమన్నారు.

‘మేం వట్టి క్యాలెండర్ వాళ్లం కాదు, యంత్రాలు పెట్టాం’ అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల ప్రియమైన యంత్రం పంపు: నీళ్లు పైకి తోడు, శుభ్రం చెయ్యి, మళ్లీ తోడు. 1994లో అమెరికా జాతీయ పరిశోధన మండలి ఇలా తోడి శుభ్రం చేస్తున్న 77 చోట్లను చూసింది. 69 చోట్ల గమ్యం చేరలేదు. ఎందుకో తెలియాలంటే ఆవకాయ జాడీ కడిగిన వాళ్లనడగండి. పెట్రోలు నీటి కన్నా తేలిక, భూగర్భ జలం మీద తేలుతుంది. వానలకు నీరు పైకి లేస్తుంది, ఎండలకు దిగుతుంది, దాంతోపాటే పెట్రోలూ లేచి దిగుతూ మట్టి గోడకంతా నూనెలా పులుముకుంటుంది. ఎన్నిసార్లు తొలిచినా జాడీ వాసన పోదు. పంపు తిరుగుతున్నన్నాళ్లూ బావి నీళ్లు బంగారం. రిపోర్టు రాసి, సంతకం పెట్టి, పంపు ఆపేస్తారు. ఆర్నెల్లకు బెంజీన్ తిరిగొస్తుంది. దీనికీ ఒక పేరుంది, ‘రీబౌండ్’. బంతాట పేరు పెడితే ఓటమి కాస్త ఉల్లాసంగా వినబడుతుంది కాబోలు.

తోడిన నీళ్లను ఎలా శుభ్రం చేస్తారంటారా? ఎత్తైన గొట్టంలో పైనుంచి పోసి, కిందనుంచి గాలి ఊదుతారు. బెంజీన్ నీళ్లు వదిలి గాలెక్కుతుంది. గాలిని కాపాడడానికి కలిపిన ఎంటీబీఈ నీళ్లలో పడింది, దాన్ని మళ్లీ గాల్లోకి పంపబోతే అదేమో నీళ్లను అంత సులువుగా వదలనంటుంది. ఎవరైనా గట్టిగా అడిగితే గొట్టం మూతి దగ్గర బొగ్గు పెడతారు. బొగ్గు నిండాక లారీలో కొలిమికి పంపుతారు. కాగితం మీద ‘శుద్ధి’ అన్న మాట ఎక్కడా మారదు, సరుకే చిరునామాలు మారుతూ పోతుంది.

అమెరికా సంగతి మనకెందుకంటారా? ఎంటీబీఈ వెళ్లిపోయిన కుర్చీలో అక్కడ ఇథనాల్ కూర్చుంది. మన బంకుల్లో ఇప్పుడది 20 శాతం. ఇథనాల్ విషం కాదు, సూక్ష్మజీవులకు ఇష్టం కూడా. అక్కడే వచ్చింది చిక్కు. విందులో ముందు జిలేబీ వడ్డిస్తే అన్నం దగ్గరికెవరొస్తారు? అవి ఇథనాల్ తింటూ ఉన్న ఆక్సిజనంతా ఖర్చు చేసేస్తాయి, బెంజీన్ తాపీగా ఇంకాస్త దూరం నడుస్తుంది. ఆ 250 అడుగుల లెక్క ఇథనాల్ ఎరగని రోజులది.

మన బంకుల్లో రోజూ ఉదయం ఒక తంతు చూస్తుంటాను. ట్యాంకు మూత తీసి, రాడ్డు కొసకు వాటర్ పేస్టు రాసి దించుతారు. పైకి తీసినప్పుడు రంగు మారితే నీళ్లు చేరినట్టు. ఇథనాల్ పెట్రోల్లోకి నీళ్లొస్తే బండ్లు ఆగిపోతాయి, కస్టమరు ఊరుకోడు. పెట్రోల్లోకి నీళ్లు రాకూడదన్న శ్రద్ధ ఇంత ఉంది. నీళ్లలోకి పెట్రోలు పోతే? రోజుకు పదివేల లీటర్లు అమ్మే బంకులో అర శాతం లెక్క తేడా వస్తే 50 లీటర్లు. ‘ఆవిరైపోయింది’ అన్న గడిలో అది హాయిగా పడుకుంటుంది. పక్క వీధి బోరులోకి దించే రాడ్డు ఆ బంకులో నాకెప్పుడూ కనబడలేదు.

ఆ పనిని మనిషి ముక్కే చేస్తుంది. 2013లో చెన్నై తొండియార్‌పేటలో బోరు నీళ్లు పెట్రోలు వాసన వేస్తున్నాయని ముందు కనిపెట్టింది ఆ ఇళ్లవాళ్లే. పైపులైను లీకు సంగతి తర్వాత బయటపడింది. ఎంటీబీఈకి ఈ విషయంలో కాస్త నిజాయితీ ఉంది, కొద్దిపాటి మోతాదుకే కంపు కొట్టి తన్ను తానే పట్టిస్తుంది. బెంజీన్ అలా కాదు. అది నాలుక్కి తగిలేసరికే 5 మైక్రోగ్రాముల గీతకు వంద రెట్లు దాటి ఉంటుంది.

బంకు ప్రహరీ అవతల బోరు దగ్గర బిందె పెట్టుకుని నిలబడ్డావిడకు ఈ లెక్కలేవీ తెలియవు. దోసెడు నీళ్లు పట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని, ‘ఇవాళ పర్లేదొదినా’ అని వెనకున్నావిడకు చెప్పి బిందె నింపుకుంటోంది.