ఒకే పొయ్యి

ఎస్.ఆర్. నగర్‌లో ఏ గల్లీలోకి తిరిగినా హాస్టళ్లే. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు గదికి నలుగురైదుగురు సర్దుకుని ఉంటారు. ఆ గల్లీల్లోనే ఓ బడిలో నేను తొమ్మిదో తరగతికి సోషల్ చెబుతాను.

ఆ రోజు పాఠం, మారుతున్న కుటుంబాలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలు బోర్డు మీద వేశాను. 1992-93లో దేశంలో ఒక్కో స్త్రీకి సగటున 3.4 మంది పిల్లలు. 2019-21కి 2.0. మన తెలంగాణలో 1.8. 2011 జనగణన నాటికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటికి సగటున నలుగురు. పిల్లలు రాసుకున్నారు గానీ ముఖాల్లో కదలిక లేదు. ఎవరిల్లు వాళ్లు లెక్కపెడితే తప్ప ఈ పాఠం ఎక్కదు. తలా ఓ కాగితం ఇచ్చాను. తాతల నాడు ఎంతమంది, ఇప్పుడు ఎంతమంది, కింద కుటుంబ పెద్ద సంతకం.

"సార్, మా పెదనాన్న వాళ్లు పై పోర్షన్‌లో ఉంటారు. వాళ్లను కలపాలా?"

మంచి ప్రశ్న. జనగణన వాళ్ల పద్ధతి చెప్పాను. చుట్టరికంతో పనిలేదు. కలిసి ఉంటూ ఒకే వంట తినేవాళ్లు ఒక కుటుంబం. ఒకే కప్పు కింద ఉన్నా పొయ్యి వేరైతే కుటుంబం వేరే. ఆ మాట బోర్డు మీద రాసి కింద రెండు గీతలు గీశాను.

మర్నాడు ఒకమ్మాయి 64 అని రాసుకొచ్చింది. క్లాసంతా గొల్లుమంది. వాళ్లమ్మ హాస్టల్లో వంట చేస్తుంది, వీళ్లుండేదీ అక్కడే. "అందరం మా అమ్మ వండిందే తింటాం సార్," అంది కళ్లనీళ్లతో. నవ్వినవాళ్లను కసిరాను. హాస్టళ్లకు జనగణనలో వేరే పద్దుంది, సంస్థాగత కుటుంబం అంటారు. ఆ పిల్ల రాసింది తప్పు కాదు. నిజానికి నా పాఠం అందరికంటే బాగా పట్టుకున్నది తనే అనిపించింది.

సాయంత్రం ఇంట్లో లెక్క కట్టడానికి కూర్చున్నాను. మా పెద్దమ్మాయిదీ అదే క్లాసు. తన కాగితం చూడాల్సిన పనేముంది? ముందే 5 వేసేశాను: నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు, అమ్మ. నాన్న పోయాక అమ్మను ఊళ్లో ఒంటరిగా వదలలేదు, తెచ్చుకున్నాను. వెనక గదిలో కుక్కర్ కూత వేసింది. మా కారాలు అమ్మకు పడవు, పైగా ఏడింటికల్లా తినేస్తుంది.

క్లాసులో పిల్లలు 42 మంది. కాగితాలు 43 వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టాను, 43.

మా అమ్మాయి రెండు కాగితాలు కలిపి పిన్ను కొట్టింది. రెంటి మీదా మా ఇంటి నంబరే. మొదటిదాంట్లో, ఇప్పుడు: 4. కింద మా ఆవిడ సంతకం.

రెండోదాంట్లో, తాతల నాడు: 11. ఇప్పుడు: 1.

కుటుంబ పెద్ద సంతకం దగ్గర వణుకుతున్న అక్షరాలతో అమ్మ పేరు.