టికెట్టు పెట్టిన అస్తవ్యస్తం

ఈ వ్యాసం రాస్తున్నాయన బల్ల మీద కరెంటు బిల్లు పెట్టి మూడు రోజులైంది. అది కనబడకుండా పోయి కూడా మూడు రోజులే అయింది. వెతికి విసిగిన ఇల్లాలు ఒక్క ముక్కలో తేల్చేసింది: "అస్తవ్యస్తం!"

ఇంకొకరైతే బల్ల సర్దుకునేవారు. ఆయన నిఘంటువు తీశాడు.

సంస్కృతంలో 'అస్త' అంటే విసిరినది, 'వ్యస్త' అంటే తలో దిక్కుకీ చెదరగొట్టినది. రెండూ కలిస్తే ఆయన బల్ల. అస్తమయంలోని 'అస్తం' మాత్రం వేరు. వేదకాలపు భాషలో దానికి ఇల్లు అని అర్థం. సూర్యుడు పొద్దుపోయాక బుద్ధిగా ఇంటికి పోతాడన్నమాట. కవలల్లా కనిపించే ఈ రెండు మాటల్లో ఒకటి ఇల్లు, రెండోది విసిరేసిన సామాను. సంసారం చేసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు.

చోటు తప్పినవాటికి తెలుగులో మాటల కరువు లేదు. బట్టలు చిందరవందర, లెక్కలు తారుమారు, స్కూటర్లు అడ్డదిడ్డం, గొర్రెలు చెల్లాచెదురు. అస్తవ్యస్తానికి హోదా ఎక్కువ. ట్రాఫిక్కు, పారిశుధ్యం, జనజీవనం దాని కిందికి వస్తాయి. నాలుగు వానలు పడితే పేపర్లో పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. ఆయన బాధా అదే. చిందరవందర అని ఉంటే సర్దుకుపోయేవాడు. ఆవిడ బల్లను ఏకంగా మునిసిపాలిటీ స్థాయికి ఎత్తేసింది.

సాయంత్రం ఇద్దరూ విశాఖ ఆర్కే బీచికి వెళ్లారు. అక్కడ ఆయనకు 91 మీటర్ల పొడవున సాక్ష్యం దొరికింది. ఐఎన్‌ఎస్ కురుసుర. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరింది, 2001 ఫిబ్రవరిలో రిటైరైంది, 2002 ఆగస్టు నుంచి ఇసుక మీద మ్యూజియం. పేరేమో జలాంతర్గామి. ఇప్పుడు జలంలోనూ లేదు, గమనమూ లేదు.

"రోడ్డుకి అటుపక్క చూడు," అన్నాడాయన. అటుపక్క టీయూ-142 విమానం ఉంది. సముద్రం మీద ఎగురుతూ జలాంతర్గాముల్ని వెతకడం దాని ఉద్యోగం. 2017 మార్చిలో రిటైరైతే విప్పి, ముక్కలుగా తెచ్చి, మళ్లీ బిగించి, ఆ డిసెంబరులో మ్యూజియం చేశారు. జన్మంతా వెతికినదాన్ని ఎదురింట్లో పెట్టాక ఇక వెతకడానికి ఏముంది?

"నీళ్లలోది ఒడ్డున, గాల్లోది నేల మీద. దీన్నెవరూ అస్తవ్యస్తం అనరేం?"

"టికెట్టు పెట్టేరు కదండీ," అందావిడ.

ఆయన దగ్గర జవాబు లేదు. పైగా ఆవిడ మాటకే సాక్ష్యంగా ఇంకో ఓడ గుర్తొచ్చింది. 2020 అక్టోబరులో వాయుగుండం పూట ఎం.వి. మా అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ లంగరు తప్పి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల పక్కకు కొట్టుకొచ్చింది. కురుసురలాగే ఇనుము, కురుసురలాగే ఒడ్డు. కాని దాన్ని 'చిక్కుకుపోయిన ఓడ' అన్నారు. రెస్టారెంటు చేద్దామన్న మాట రాగానే అదే ఓడ పర్యాటక ఆకర్షణ అయింది.

బ్రిటిష్ మానవశాస్త్రవేత్త మేరీ డగ్లస్ 1966లో చోటు తప్పినదే మురికి అన్న ఈ సంగతే ఒక పుస్తకమంతా రాసింది. చెప్పులు గుమ్మం బయట ఉంటే మురికి కాదు, అన్నం తినే బల్ల మీద పెడితే మురికి. ఆవిడ విశాఖ వచ్చి ఉంటే చెప్పుల దాకా పోనక్కర్లేకపోయేది. రేవులో దిగిన బొగ్గు సరుకు. అదే పొడి దండెం మీది తెల్లచొక్కా మీద వాలితే మసి. ఉక్కు ఫ్యాక్టరీ బ్లాస్ట్ ఫర్నేసులో ఇనుము పైన తేలే స్లాగు అక్కడికి తెట్టే; నీళ్లు కొట్టి రవ్వలా చేసి పంపితే సిమెంటు వాళ్లకు ముడిసరుకు.

"కాబట్టి నా బల్ల మీదున్నదీ..." అని ఆయన మొదలెట్టాడు.

"ముడిసరుకే. రేపు పంపించేద్దాం."

మర్నాడు పొద్దున్నే పాతపేపర్లవాడు గుమ్మంలో తక్కెడ పెట్టాడు. బల్ల మొత్తం ఏడు కేజీలు తూగింది. కట్ట కడుతూ మధ్యలోంచి ఒక కాగితం లాగి, వెలుతురుకి పెట్టి చూశాడు.

"అమ్మగోరూ, కరెంటు బిల్లండి ఇది. ఈ నెల్దే. నిన్నటితో గడువైపోనాది, కట్టీసేరా?"