మా స్టేషనా? ఏ రైలుకి టికెట్ దొరికితే అదేనండి

రైల్వే వారి యాప్‌లో బోర్డింగ్ స్టేషన్ అనే గడి దగ్గర కోనసీమ వాడి వేలు ఆగిపోతుంది. అమలాపురం అని కొడితే ఎక్కడానికి రైలుండదు. కొత్తపేట వాడు రావులపాలెం మీదుగా రాజమండ్రి పోతాడు. రాజోలు వాడు చించినాడ వంతెన దాటి పాలకొల్లులోనో నరసాపురంలోనో ఎక్కుతాడు. సఖినేటిపల్లి రేవులో నది దాటించే పంటెక్కేవాళ్ళూ ఉన్నారు. పంటుకి పీఎన్ఆర్ లేదు, తత్కాల్ లేదు. మోటారు సైకిలూ మనమూ ఒకే బెర్తు. వరదొస్తే మాత్రం అదీ కట్టేస్తారు.

2024 నవంబరు నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60కి దిగింది. అంటే కనుమ వెళ్ళాక ఎక్కే రైలుకి నవంబరులో పొద్దున్నే ఎనిమిదింటికి ఫోను పట్టుకుని కూర్చోవాలి. ఎనిమిదీ అయిదుకల్లా గౌతమి, గోదావరి రెండూ నిండిపోతాయి. నదులు కావండి, ఎక్స్‌ప్రెస్‌లు. పేర్లు మన ఏరులవి, బెర్తులు ఎవరివో! సరే తత్కాల్ అనుకుంటే ఏసీకి పదింటికి, స్లీపరుకి పదకొండింటికి. ఇప్పుడు దానికి ఆధార్ ఓటీపీ కూడా. సిగ్నల్ కోసం డాబా ఎక్కి, ఓటీపీ కనబడి, దిగేలోగా వెయిటింగ్ లిస్టు.

అసలు కోనసీమ లైనే వెయిటింగ్ లిస్టులో ఉంటే మనుషుల సంగతి చెప్పాలా? కాకినాడ–కోటిపల్లి రైలు 1928లో వచ్చింది. 1940లో యుద్ధానికి ఇనుము కావాలని తెల్లదొరలు పట్టాలు పీక్కుపోయారు. 2004లో మళ్ళీ వచ్చి, గౌతమి ఒడ్డున ఆగింది. ఆవలి గట్టు నుంచి చూసి సంతోషించడానికి బాగుంటుంది.

కోటిపల్లి నుంచి నరసాపురానికి 57 కిలోమీటర్లు. మన బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉండగా, 2000–01లో ఈ లైను మంజూరైంది. ఆ ఏడు పుట్టిన కుర్రాడు ఇంజనీరింగ్ పూర్తిచేసి, హైదరాబాదులో కొలువు చేస్తూ, పండక్కి రావడానికి తత్కాల్ కొడుతున్నాడు. గోదావరి పాయల్లో స్తంభాలైతే లేచాయి. ఆర్ఏసీ అన్నమాట. కూర్చోవడానికి చోటిచ్చారు, నడుం వాల్చడానికి ఇంకా ఇవ్వలేదు.

వెయిటింగు తేలని టికెట్టుకి మనిషికి 60 రూపాయలు పట్టుకుని మిగతాది వాపసిస్తారు. పాతికేళ్ళుగా తేలని ఈ లైను తాలూకు వాపసు ఏ కౌంటర్లో ఇస్తారో, ఆ కౌంటరుకి వెళ్ళాలంటే ఏ స్టేషన్లో దిగాలో వాకబు చేస్తున్నామండి, ఆయ్.