గ్రాముల అంకుల్

మల్కాజ్‌గిరిలో మా ఆనంద్‌బాగ్ గల్లీలో ఆయన్ను అసలు పేరుతో పిలిచేది పోస్ట్‌మన్ ఒక్కడే. మిగతా అందరికీ గ్రాముల అంకుల్. బంగారం కొట్లో ఉండేలాంటి చిన్న త్రాసు వంటింట్లో పెట్టుకుని, నానబెట్టిన బాదం పప్పును కూడా తూచి గానీ నోట్లో వేసుకోడు. గూడ్స్ వ్యాగన్లకు లెక్కలు రాసి రిటైరైన మనిషి. ఇప్పుడు కడుపుకు లోడింగ్ లెక్క రాస్తున్నాడు.

ఎదురుపడితే "బాగున్నవా" అనడు. "పొద్దున ఎంత ప్రోటీన్ పడ్డది?" అంటాడు. "రెండు ఇడ్లీలు తిన్నాను అంకుల్" అంటే, ఎవరో పోయినట్టు మొహం పెడతాడు. "ఇడ్లీ ఏందిరా! ఒక్క గుడ్డుల ఆరు గ్రాములుంటది."

రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు సఫిల్‌గూడ చెరువు దగ్గర పరుగు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో 10 కిలోమీటర్లు పరుగెత్తాలని పట్టుదల. అంతా బాగానే ఉంది. ఆయన త్రాసులో పడనిది ఒక్క నిద్రే.

రాత్రి తొమ్మిదికి ఇరానీ చాయ్ తాగుతాడు. చక్కెర ఎంతో లెక్కలో రాస్తాడు గానీ కెఫీన్ రాయడు. అది ఒంట్లో సగానికి తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది. తొమ్మిదింటి చాయ్ రెండింటికి కూడా సగం డ్యూటీలోనే ఉంటుంది. దానికి తోడుగా అంకుల్ ఒంటిగంట దాటేదాకా ఫోన్‌లో వీడియోలు చూస్తుంటాడు. ఏం వీడియోలు? గాఢ నిద్రకు పది చిట్కాలు!

పొద్దున చేతి వాచ్ నిద్ర 2 గంటల 50 నిమిషాలని చూపిస్తుంది. "వాచ్ ఖరాబైంది" అంటాడు.

ఖరాబైంది వాచ్ కాదని పదకొండింటికి తేలుతుంది. నిద్ర చాలకపోతే ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది, ఇక చాలని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది. అప్పుడు మొలకలు గుర్తురావు, నూనె సరుకే గుర్తొస్తుంది. స్టేషన్ దగ్గర మిర్చి బజ్జీల బండి ముందు ఆయన్ను నేను నాలుగుసార్లు చూశాను. అక్కడ త్రాసు లేదు. ఆ బజ్జీలకు రాత్రి గుండెల్లో మంట, ఆ మంటకు మళ్లీ జాగారం.

"ఆటగాళ్లు గిట్లనే కష్టపడతరు" అన్నాడోసారి. 2011లో వచ్చిన స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంగతి చెప్పాను. బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను ఐదు నుంచి ఏడు వారాలు రోజూ పది గంటలు పడుకోమన్నారు. ఫ్రీ త్రోలు 9 శాతం మెరుగయ్యాయి, స్ప్రింట్ 16.2 సెకన్ల నుంచి 15.5కు తగ్గింది. తిన్న ప్రోటీన్ ఇటుకలైతే, మేస్త్రీకి ఎక్కువ పని నిద్రలోనే. గ్రోత్ హార్మోన్ ముఖ్యంగా ఊరేది గాఢ నిద్రలో. మీరు ఇటుకలు దించుకుంటూ మేస్త్రీని గేటు దగ్గరే ఆపేస్తున్నారన్నాను.

అంతా విని, "వాళ్లు ఎన్ని గ్రాములు తిన్నరు?" అన్నాడు.

లోపలినుంచి ఆంటీ వచ్చింది. "బ్యాడ్మింటన్ ఆడే సింధు మన మారేడుపల్లి పిల్లనే గద. 2016ల రియో ఒలింపిక్స్‌కు ముంగట కోచ్ గోపీచంద్ మూడు నెలలు ఆ పిల్లకు ఫోన్ ఇయ్యలే, ఐస్‌క్రీం కూడ బంద్. వెండి పతకం వచ్చింది. మీకు పతకమేం వద్దు గని, ఫోన్ ఇటియ్యుండ్రి."

ఆ రాత్రి పదింటికి ఫోన్ బియ్యం డబ్బాలోకి పోయింది. సాయంత్రం నాలుగు దాటితే చాయ్ లేదు. చెరువు దగ్గరికి ఆరింటికి పోతే చాలంది ఆంటీ. మూడు రాత్రులు అంకుల్ అటూ ఇటూ దొర్లాడు. నాలుగో రాత్రి ఆయన గురక మా ఇంటిదాకా వినిపించింది. మర్నాడు పదకొండింటికి బజ్జీల బండి దాటి వచ్చేసి, "ఏందోరా, ఆకలే అయితలేదు" అని ఆశ్చర్యపోయాడు.

ఆయన నోటుపుస్తకంలో ఇప్పుడు కొత్త గడి ఒకటి చేరింది. చేతికి అలవాటైపోయి అందులోనూ అదే రాస్తాడు: నిద్ర – 7½ గ్రా.

రాస్తే రాశాడు. త్రాసంటే డబ్బు పెట్టి కొనాలి గానీ, బియ్యం డబ్బా మీ ఇంట్లోనూ ఉంది.