సంక్రాంతి ఫిబ్రవరిలో చేసుకోండి

మీ ఇంట్లోనో మీ వీధిలోనో మిలటరీలో ఉన్న కుర్రాడుంటే నా మొదటి సలహా ఇది: పండక్కి ఎప్పుడొస్తున్నావని అడగకండి. జవాబు వాడి చేతిలో లేదు. రెగ్యులర్ జవానుకు ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్ లీవు కాగితం మీద ఉంటాయి. కానీ యూనిట్‌లో అందరూ ఒకేసారి ఇంటికి పోలేరు కదా! సంక్రాంతికి మనవాడు రావాలంటే ఇంకెవరో ఆగాలి. మరో ఏడు వాళ్ల పండక్కి మనవాడు ఆగాలి. పైగా రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు. లీవు ఎప్పుడు మంజూరవుతుందో తెలియనివాడు ఏ తేదీకి టికెట్ తీసుకుంటాడు? తీరా లీవు చేతికొచ్చేసరికి వెయిటింగ్ లిస్టు. నల్ల ట్రంకుపెట్టె మీద కూర్చుని జనరల్ బోగీలో రెండు రాత్రులు ప్రయాణం.

కాబట్టి పండగనే జరపండి. వాడు ఫిబ్రవరిలో వస్తే ఫిబ్రవరిలోనే భోగి, ఫిబ్రవరిలోనే కనుమ. పంచాంగం ఒప్పుకోదంటారు. ఒప్పుకోకపోతే మానె.

మా తమ్ముడు మిలటరీలో చేరిన రెండో ఏడు మా అమ్మ అదే చేసింది. ఆ ఏడు అసలు పండక్కి మా ఇంట్లో మూకుడు పెట్టలేదు. ఫిబ్రవరి మూడో వారంలో వాడు దిగగానే బియ్యం నానబోసింది, తడిపిండి ఆడించింది, బెల్లం పాకం పట్టింది. అరిసెలు చెక్కల మధ్య నొక్కే పని వాడిదే, చిన్నప్పట్నుంచీ. అప్పుడు చూశాను వాడి వేళ్లు. కొసలు చలికి పగిలి, నల్లటి గీతలు పడి ఉన్నాయి. వేడి నూనె తగిలినప్పుడల్లా చెయ్యి వెనక్కి లాక్కుంటున్నాడు, మళ్లీ నొక్కుతున్నాడు. నేను చేస్తాలేరా అంటే వినలేదు.

ఎదురింటి పిన్ని మా వాకిట్లో రథం ముగ్గు చూసి, "పండగ వెళ్లి నెలైతే ఇప్పుడు రథమేమిటే?" అని గట్టిగానే అడిగింది. అమ్మ లోపలికి చెయ్యి చూపించింది. ఆ మధ్యాహ్నం పిన్ని గిన్నెడు మినప గారెలు తెచ్చి వాడి ముందు పెట్టి, కబుర్లేమీ అడక్కుండా పక్కన కూర్చుంది. వాడు పదకొండు తిన్నాడు. మా తమ్ముడికి ఎవరైనా కృతజ్ఞత చెప్పడం నేను చూశానంటే అదే.

రెండో సలహా, సన్మానం చెయ్యకండి. తేదీలు మనల్ని ఊరిస్తాయి, నాకు తెలుసు. జనవరి 14 మాజీ సైనికుల దినోత్సవం, 1953లో సైన్యాధిపతి కరియప్ప పదవీ విరమణ చేసిన రోజు. మర్నాడు 15 ఆర్మీ డే, 1949లో ఆయన సైన్యం పగ్గాలు చేపట్టిన రోజు. రెండూ సంక్రాంతి పక్కనే వస్తాయి కనుక ముగ్గుల పోటీ పెట్టిన వేదిక మీదకే జవానునీ పిలిచి శాలువా కప్పుదామని యువజన సంఘంవాళ్లకు తోస్తుంది. వద్దు. ఇరవై రోజులకని వచ్చినవాడు మైకు ముందు అటెన్షన్‌లో నిలబడాలా? కబడ్డీ జట్టులోకి తీసుకోండి. ఓడిపోతే ఓడిపోనివ్వండి, మామూలుగా ఎలా తిడతారో అలాగే తిట్టండి.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది, మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరు. అలాంటి చోట ఇవేవీ చెప్పక్కర్లేదు. ఊరికి ఒకడో ఇద్దరో ఉన్న చోటే మనకు చేతకాదు.

ఎవరినైనా కాల్చావా అని అడగొద్దు. క్యాంటీన్ బాటిల్ తెచ్చావా అని అసలే అడగొద్దు. ఆ మందు వాళ్లకు లెక్క ప్రకారం ఇస్తారు. పది మంది అడిగితే తొమ్మిది మందికి లేదని చెప్పుకుంటూ తిరగడంతోనే లీవు సగం అయిపోతుంది. ఏం మాట్లాడాలో తెలియకపోతే పేక ముక్కలు పంచండి. దీపావళికి వస్తే మాత్రం ఒకటి అడగండి, లక్ష్మీ బాంబులు కాల్చొచ్చా అని. వద్దంటే కారణం అడక్కుండా మతాబులు వెలిగించండి.

పార్సెల్ పంపుతారా? పండక్కి పంపకండి. ఏ పండగా లేని నెలలో పంపండి, ఆ నెలే వాడికి ఇల్లు గుర్తొచ్చేది. చిరునామాలో ఊరి పేరుండదు. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కింద కేరాఫ్ 56 ఏపీఓ అనో 99 ఏపీఓ అనో ఉంటుంది, అంతే. పూతరేకులు పొడి అయిపోతాయి, సున్నుండలు నిలుస్తాయి. ఒక్కడికి సరిపడా మాత్రం పంపకండి. డబ్బా తెరిచేది బారక్‌లో, నలభై చేతుల మధ్య.

రిటైరైనవాళ్ల సంగతి వేరు. వాళ్లకు స్వీటు డబ్బా ఇవ్వకండి, షుగరు ఉండొచ్చు. పండగ మధ్యాహ్నం భోజనం చేసి వాళ్లింటికి వెళ్లి, పెన్షన్ కాగితాలు తెమ్మనండి. పెన్షన్ ఇప్పుడు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో వస్తోంది. ఏటా బతికే ఉన్నానని నిరూపించుకోవాలి. డెబ్బై దాటినాయన వేలిముద్ర పడక, ఓటీపీ ఎక్కడ కొట్టాలో తెలియక తిప్పలు పడతారు, నోరు తెరిచి సాయం మాత్రం అడగరు. ముఖ్యంగా భార్య పేరు, పుట్టిన తేదీ చూడండి. మా వీధి చివర నాయక్‌గా రిటైరైన బాబాయిగారి రికార్డుల్లో పిన్నిగారి పేరు ఒకలా ఉంది, ఆధార్‌లో ఇంకోలా ఉంది. ఆయన ఉండగా దిద్దితే ఒక దరఖాస్తుతో పోతుంది. ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్ కోసం తిరగాల్సింది ఆవిడ. ఒక సంక్రాంతి రోజు ఆయనా నేనూ నాలుగు గంటలు ఆయన ట్రంకుపెట్టె ముందే కూర్చున్నాం. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకెళ్లాల్సిన కాగితాలన్నీ ఒక కవరులో పెట్టాక ఆవిడ కాఫీ ఇచ్చారు.

ఆఖరిది అపార్టుమెంట్లలో ఉండేవాళ్లకు. జవాను ముప్పై ఏడో ముప్పై ఎనిమిదో ఏటే రిటైరైపోతాడు, పిల్లలు ఇంకా బళ్లోనే ఉంటారు. మీ గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగానికి వచ్చేది అందుకే. పండగ పూట ఆయన చేతిలో ఐదొందలు పెట్టకండి. మీ ఫ్లాట్లవాళ్లంతా రెండేసి గంటలు వంతులు వేసుకోండి. పొద్దున ఎనిమిదింటికి వెళ్లి రిజిస్టరూ టార్చీ తీసుకోండి. ఆయన మొహమాటపడి వెళ్లనంటారు, బతిమాలి పంపండి. ఆ ప్లాస్టిక్ కుర్చీకి ఒక కాలు కాస్త విరిగి ఉంటుంది, గోడకు ఆనించి కూర్చోండి.